వైరు దాచండి, పూడ్చకండి

ఈసారి ఉత్తరం రాసిన పాఠకురాలి ఇంట్లో ఒక గాజు తొట్టి ఉంది. రెండడుగుల పొడవు, అడుగున్నర ఎత్తు. అందులో నాచు, ఫెర్న్ మొక్కలు, వెనక గోడ మీంచి సన్నగా జారే జలపాతం, కింద చిన్న మడుగు. ఎక్కువసేపు గదిలోనే గడిపే మామగారికి నీళ్ళ చప్పుడు ఇష్టమని ఆవిడే స్వయంగా తయారుచేసి ఆయన మంచం పక్కన బల్ల మీద పెట్టారు. అంతా బాగానే ఉంది, ఒక్క పంపు వైరు తప్ప. అది మడుగులోంచి నల్లగా పైకెక్కి, గాజు అంచు దాటి, బల్ల వెనక ప్లగ్ పాయింట్ దాకా పోతోంది. "ఎవరొచ్చినా ముందు చూసేది దాన్నే" అని రాశారు.

మొదటిసారి పంపునీ వైరునీ కలిపి వెనక గోడలో పెట్టి, ఉబ్బి గట్టిపడే ఫోమ్ కొట్టేశారు. కొన్నాళ్ళకు పంపు నీళ్ళు లాగడం మానేసింది. గోడ పగలగొడితే గానీ అది బయటికి రాలేదు. రెండోసారి కొత్త పంపు తెచ్చి, వైరు పొడవునా జనపనార తాడు చుట్టి, మీద నాచు అతికించి అడవి తీగలా తయారుచేశారు. లోపలే కాదు, అంచు దాటాక బయట కూడా మూరెడు దాకా చుట్టారు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉందట. కానీ రోజూ పొద్దున లేచేసరికి బల్ల తడిగా ఉంటోంది, మడుగులో నీళ్ళు తగ్గిపోతున్నాయి, పంపు గరగరమంటోంది. చిన్న పాప ఒకటి రెండుసార్లు ఆ తాడు పట్టుకుని లాగింది కూడా.

మరిది గారికి కరెంటు పని కొంత తెలుసు. వైరు మధ్యలో కోసి, తొట్టి అడుగున రంధ్రం చేసి, కిందినుంచి బయటికి తీసి మళ్ళీ అతికేస్తానంటున్నారు. భర్త మాత్రం నీళ్ళూ కరెంటూ ఒకచోట ఎందుకు, తీసి పారెయ్ అంటున్నారు. "ఎవరి మాట వినాలి? అసలు వైరు కనబడకుండా చేయడం కుదిరే పనేనా?" అని ఈవిడ ప్రశ్న. పంపుకు అడాప్టర్ ఏమీ లేదనీ, మామూలు ప్లగ్గే ఉందనీ చివర్లో రాశారు. నాకు అన్నిటికంటే పనికొచ్చిన వాక్యం అదే.

అమ్మా, ఇది చదవడం ఆపి ముందు ఆ ప్లగ్గు తీసేయండి. బల్ల తడి ఆరేదాకా, కారణం తేలేదాకా మళ్ళీ పెట్టొద్దు. ఒకటి రెండు రోజులు జలపాతం ఆగిందని మామగారు ఏమీ అనుకోరు. నాచుకు, ఫెర్న్‌లకు కాస్త నీళ్ళు చిలకరిస్తే సరిపోతుంది.

ఇప్పుడు ఆ తడి సంగతి. తొట్టి ఎక్కడో కారుతోందేమోనని మీరు భయపడుతున్నారు. కావచ్చు, కానీ నా అనుమానమంతా మీ తాడు మీదే. దీపం వత్తి నూనెను పైకి లాగినట్టే జనపనార నీళ్ళను పైకి లాగుతుంది. దాని ఒక కొస మడుగులో ఉంది, రెండో కొస అంచు దాటి బయట కిందికి వేలాడుతోంది. బయటి కొస మడుగు నీటిమట్టం కంటే కిందికి ఉంటే, తాడు అంచు దాకా నీళ్ళు పీల్చుకున్న తర్వాత మిగతా పని భూమ్యాకర్షణే చూసుకుంటుంది. చుక్క చుక్కగా రాత్రంతా బల్ల మీదికి దిగుతాయి. మీద అతికించిన నాచు దానికి తోడు, అదీ నీళ్ళు పీల్చేదే కదా. మడుగు తగ్గడం, పంపు గరగరమనడం వేరే రోగాలు కావు. నీటిమట్టం పడిపోతే పంపు నీళ్ళతో పాటు గాలిని కూడా లాగుతుంది, ఆ చప్పుడు అదే. ఈ చిన్న పంపులకు చుట్టూ ఉన్న నీళ్ళే చల్లదనం. పూర్తిగా ఎండిన మడుగులో తిరిగితే వేడెక్కి కాలిపోతాయి. మీ రెండో పంపు ఇంకా బతికే ఉన్నట్టుంది, సంతోషం.

అనుమానం తీర్చుకోవడం తేలికే. తాడు మొత్తం విప్పేయండి. మడుగు నింపి, గాజు మీద నీటిమట్టం దగ్గర బయటినుంచి ఒక గీత పెట్టండి. తొట్టి చుట్టూ కింద టిష్యూ కాగితాలు పరిచి, పంపు ఆపే ఉంచి, రాత్రంతా వదిలేయండి. పొద్దున కాగితాలు పొడిగా ఉంటే తొట్టి కారడం లేదు, దొంగ తాడే కావచ్చు. పంపు ఆగి ఉన్నా, తాడు లేకపోయినా తడిసి, గీత దగ్గరి నీళ్ళు కిందికి దిగి ఉంటే గాజు అతుకులు చూడాలి. తాడు తీశాక కూడా పంపు ఆన్ చేసినప్పుడు తడుస్తోందంటే జలపాతం చిమ్ముతోందన్నమాట. చాలా పంపులకు పక్కన ప్రవాహం తగ్గించే చిన్న జారుడు మీట ఉంటుంది, దాన్ని కాస్త మూస్తే చాలు. ఈ పరీక్ష కాకుండా వైరు దాచే పని మొదలుపెట్టకండి. కారే తొట్టికి అలంకారం చేసి ఏం లాభం?

ఇక మొదటిసారి ఏం జరిగిందో చూద్దాం. మీరు వైరు దాచడమే కాదు, పంపును సమాధి చేశారు. నీళ్ళల్లో ఉండే పంపు ఏదైనా సరే, ఎప్పుడో ఒకప్పుడు బయటికి రావాల్సిందే. మట్టి రేణువులు, నాచు పీచు, కుళ్ళిన ఆకు ముక్కలు దాని మూతి దగ్గర జాలీలో ఇరుక్కుంటాయి. లోపల తిరిగే చిన్న అయస్కాంతపు రెక్క మీద జిగురులాంటి పొర పేరుకుంటుంది. నీళ్ళల్లో ఉప్పులు ఎక్కువైతే తెల్లటి గార కూడా కడుతుంది. మూత ఊడదీసి, ఆ రెక్క బయటికి లాగి, పాత టూత్‌బ్రష్‌తో తోమితే చాలావరకు మళ్ళీ కొత్తదానిలా పనిచేస్తుంది. మీ మొదటి పంపు కూడా చెడిపోయి ఉండకపోవచ్చు, మూతి మూసుకుపోయి ఉంటుంది, అంతే. పారేయకపోతే ఒకసారి తోమి, బకెట్‌లో ముంచి చూడండి. గోడ పగలగొట్టేటప్పుడు దాని వైరు మీద చాకు గానీ ఉలి గానీ తగిలి ఉంటే మాత్రం ఆ ప్రయత్నం వద్దు.

కాబట్టి వైరు ఎలా దాచినా సరే, గోడ పగలగొట్టకుండా, మొక్కలు పీకకుండా పంపూ వైరూ రెండూ చేతికి రావాలి. ఇది కుదరని ఉపాయం ఎంత అందంగా ఉన్నా నాకు నచ్చదు. పూర్తిగా మాయమవ్వాలని కూడా అనుకోకండి. మామగారు చూసే వైపునుంచి కనబడకపోతే చాలు. ఒకసారి ఆయన మంచం మీద, ఆయన కూర్చునే చోట కూర్చుని చూడండి. తొట్టిలో వెనక మూలలు రెండిట్లో ఒకటి అక్కణ్ణుంచి సగం కూడా కనబడదని నా నమ్మకం. నిలబడి పైనుంచి చూస్తూ కట్టినవాళ్ళకు ప్రతి వైరూ కనబడుతుంది, కూర్చుని చూసేవాళ్ళకు అందులో సగం ఉండదు.

ఆ మూలే మీ వైరు దారి. ఒక పీవీసీ పైపు ముక్కను నిలువునా రెండుగా చీల్చితే దోనెలా సగం పైపు వస్తుంది. దాని వీపును గరుకు కాగితంతో రుద్ది, సిలికాన్ పూసి, కొబ్బరి పీచో కార్క్ బెరడు ముక్కలో అద్దండి. తెరిచి ఉన్న వైపు గాజు మూలకు తిప్పి నిలబెట్టండి. అడుగున గులకరాళ్ళు ఆనిస్తాయి, పైన అంచుకు ఒక చిన్న కొక్కెం తగిలించుకోవచ్చు. అతికించొద్దు. వైరు దాని వెనకనుంచి పైకి వెళ్తుంది. ముందునుంచి చూసేవాళ్ళకు ఓ పాత చెట్టు మాను కనబడుతుంది. పంపు తీయాల్సి వస్తే వైరును లాగక్కర్లేదు, ఆ ముసుగునే ఎత్తేస్తారు. మామూలు ప్లగ్గు ఏ సన్న పైపులోంచీ దూరదు, అందుకే చీల్చమంటున్నాను. చీల్చని పైపు గోడలో పెట్టి ఫోమ్ కొట్టినవాళ్ళలో చాలామందికి తర్వాత ప్లగ్గు కోసుకోవాల్సి వస్తుంది.

పంపు కోసం కూడా ఇలాంటిదే ఒక గూడు చేయండి. అరచేయంత వెడల్పున్న పైపు ముక్కకు చుట్టూ సన్నటి రంధ్రాలు వేసి, మడుగు మూలలో నిలబెట్టి, చుట్టూ గులకరాళ్ళు పేర్చి, పైన పలకరాయి మూతలా పెట్టండి. రంధ్రాలు ఎక్కువుండాలి, లేకపోతే లోపలికి నీళ్ళు చేరే లోపు పంపు తోడేస్తుంది. పంపు కింద చిన్న స్పాంజి ముక్క వేస్తే మోత తగ్గుతుంది. వైరును గాజుకు బిగబట్టి అతికించకండి, పంపు అదురంతా గాజులోకి ఎక్కి తొట్టి మొత్తం సన్నగా రొద పెడుతుంది. పక్కనే పడుకునే మామగారికి నీళ్ళ చప్పుడు బదులు ఆ రొదే వినిపిస్తుంది. గూటిలో నాలుగైదు అంగుళాల వైరు వదులుగా చుట్టి పెడితే పంపును నీళ్ళపైకి ఎత్తి చూసుకోవడానికి కూడా వీలుంటుంది. ఎత్తేటప్పుడు పంపును పట్టుకుని ఎత్తాలి సుమా, వైరు పట్టుకుని కాదు. వైరు పంపులోకి దిగే చోటే దాని బలహీనత.

ఈ ముసుగు మీద మొక్కలు పాకించాలని తప్పకుండా అనిపిస్తుంది. పాకించండి, కానీ ఫైకస్ ప్యూమిలా లాంటి గోడలకు పాకే తీగలను వైరు దగ్గరికి రానీయకండి. వాటి వేళ్ళు దేన్ని పట్టుకుంటే దాన్ని వదలవు. ఏడాది తిరిగేసరికి ముసుగు గాజుకు అతుక్కుపోయి మళ్ళీ మొదటి కథకే వస్తారు. కోసుకుంటూ ఉండే ఓపిక ఉంటే వేరే సంగతి. నాచు అయితే ఏ ఇబ్బందీ లేదు, లాగితే వచ్చేస్తుంది.

అంచు దగ్గర మాత్రం కాస్త నిష్ఠగా ఉండాలి. గాజు అంచుకు అటూ ఇటూ బెత్తెడు మేర వైరు మీద తాడు, పీచు, నాచు, నైలాన్ అల్లిక తొడుగు ఏదీ ఉండకూడదు. ఒట్టి వైరు, అంతే. నున్నటి వైరు మీద నీళ్ళు అంతెత్తు ఎక్కవు, చిమ్మిన చుక్కలే జారతాయి. వాటి కోసం బయటి వైరును ప్లగ్ పాయింట్ కంటే కిందికి వేలాడేలా ఒక వంపు తిప్పి, అక్కణ్ణుంచి పైకి తీసుకెళ్ళి ప్లగ్గు పెట్టండి. జారిన చుక్క ఆ వంపు అడుగునే రాలిపోతుంది, సాకెట్ దాకా ఎక్కదు. పైసా ఖర్చు లేని ఈ జాగ్రత్త నీళ్ళున్న ప్రతి తొట్టికీ ఉండాలి. చాలా ఇళ్ళల్లో ఉండదు. తొట్టికి మూత ఉంటే వెనక మూలలో చిన్న గాటు పెట్టి, వైరు చుట్టూ నీళ్ళు పీల్చని రబ్బరు ముక్క కుక్కితే తేమ కూడా బయటికి పోదు.

ఇప్పుడు మీ మరిది గారి ప్రతిపాదన. మనసు మంచిదే, కానీ అడాప్టర్ లేదన్నారు కాబట్టి మీ పంపు నేరుగా మెయిన్స్ కరెంటుతో, అంటే గోడ సాకెట్‌లోంచి వచ్చే పూర్తి కరెంటుతో నడిచేది. దాని వైరు కోసి అతకడం నాకు ససేమిరా ఇష్టం లేదు. టేపు చుట్టిన అతుకు తేమలో ఎప్పటికీ నమ్మదగింది కాదు. పైగా తేమ అతుకు దగ్గరే ఆగదు, తొడుగు లోపల రాగి పోగుల సందుల వెంట పాకుతూ దూరం పోతుంది. ఇలాంటి పంపులకు వైరు కంపెనీలోనే పంపుతో కలిపి మూసేసి వస్తుంది, కోశాక ఆ కాపుదల పోయినట్టే. ఆయన చేయి ఎంత తిరిగినదైనా ఈ లెక్క మారదు.

అడుగున రంధ్రం అన్నది ఇంకో చిక్కు. చాలా తొట్లకు అడుగు పలక టెంపర్డ్ గాజు, అంటే వేడిచేసి గట్టిపరిచిన గాజు ఉంటుంది. దానికి డ్రిల్లు తగిలించగానే పలక మొత్తం ముక్కలైపోతుంది. కంప్యూటర్ తెర మీద తెల్లటి పేజీ తెరిచి, దాని ముందు గాజు పెట్టి, పోలరైజ్డ్ చలువ కళ్ళద్దాలతో చూస్తే టెంపర్డ్ గాజులో మచ్చలూ చారలూ కనబడతాయి. అవి లేవంటే మామూలు గాజే కావచ్చు. అప్పుడు వజ్రపు పొడి అంటించిన బిట్‌తో, నీళ్ళు పోస్తూ, మెల్లగా, అదమకుండా తొలచవచ్చు. కానీ తొట్టి మొత్తం ఖాళీ చేయాలి, ఆపైన ఆ రంధ్రం నీటిమట్టం కింద ఉన్నంతకాలం దాన్ని మూసిన రబ్బరు మీద మీ బల్ల ఆధారపడి ఉంటుంది. చేయాల్సే వస్తే వెనక గాజుకు, నీటిమట్టం కంటే బాగా పైన చేయించండి. అప్పుడు కూడా మామూలు ప్లగ్గు దాంట్లో పట్టదు, మళ్ళీ కోత దగ్గరికే వస్తాం.

ఆయన ఉత్సాహాన్ని వృథా చేయక్కర్లేదు లెండి. పంపు మార్చే ఆలోచన ఉంటే అడాప్టర్‌తో నడిచే 12 వోల్టులదో, యూఎస్‌బీతో నడిచే 5 వోల్టులదో తీసుకోండి. 12 వోల్టుల వాటిలో చాలావాటికి వైరు చివర గుండ్రటి సన్నటి పిన్నే ఉంటుంది, మధ్యలో విడిపోతుంది కూడా. అలాంటిది చిటికెన వేలు పట్టేంత సందులోంచి కోయకుండానే దూరుతుంది. వైరు కూడా మెయిన్స్ దానికంటే సన్నం, దాచడం సగం తేలిక. లోటు ఏమిటంటే బలం తక్కువ ఉండొచ్చు. డబ్బా మీద నీళ్ళు ఎంత ఎత్తుకు ఎక్కిస్తుందో రాసి ఉంటుంది. ఆ ఎత్తుకు చేరేసరికి ప్రవాహం దాదాపు సున్నా అవుతుంది కాబట్టి, మీ జలపాతం ఎత్తుకు రెట్టింపు ఉన్నది చూసుకోండి. అడాప్టర్ మాత్రం ఎప్పుడూ పొడిచోటే ఉండాలి, దాని అవతల ఉన్నది మెయిన్సే కదా.

మీ వారి మాటకు వద్దాం. తీసి పారేయమనడం అతి అనిపించినా, ఆయన భయం ఉత్తుత్తిది కాదు. తడి బల్ల, దాని వెనకే సాకెట్, వైరు లాగే పాప, ఈ మూడూ చూసినవాళ్ళెవరైనా అదే అంటారు. ఆ సాకెట్‌కు ఆర్‌సీడీ రక్షణ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. దాన్నే కొందరు ఆర్‌సీసీబీ అంటారు. కరెంటు దారి తప్పి 30 మిల్లీ ఆంపియర్లు కారినా అది చటుక్కున సరఫరా ఆపేస్తుంది. మెయిన్స్ పంపునే కొనసాగిస్తే ఇది లేకుండా వద్దని నేనూ మీ వారి వైపే ఉంటాను. ఉన్నా సరే, నీళ్ళల్లో చేయి పెట్టే ముందు ప్రతిసారీ ప్లగ్గు తీయాలి. స్విచ్ ఆపితే చాలదు.

అసలు తొట్టిలోకి కరెంటే రావద్దంటే దానికీ దారి ఉంది. చేపల తొట్టికి వాడే గాలి పంపు బయట పెట్టి, సన్నటి గొట్టంతో గాలిని ఒక నిలువు గొట్టం అడుగుకు పంపితే బుడగలు నీళ్ళను మోసుకుంటూ పైకెక్కుతాయి. పారదర్శకమైన గాలి గొట్టం దాచకపోయినా పెద్దగా కనబడదు. ఇబ్బందల్లా, నిలువు గొట్టం నీళ్ళల్లో ఎంత లోతు మునిగితే అంత బాగా ఎక్కిస్తుంది. మీ చిన్న మడుగు లోతుకు జలపాతం బదులు చిన్న ఊటతో సరిపెట్టుకోవాలి. చప్పుడు కూడా జారే నీటిది కాదు, బుడబుడమనేది. మామగారికి అది నచ్చుతుందో లేదో ఆయన్నే అడగండి. గాలి పంపును నీటిమట్టం కంటే పైన పెట్టడం, గొట్టంలో వెనక్కి నీళ్ళు రానీయని వాల్వు వేయడం మరిచిపోకండి. కరెంటు పోయినప్పుడు గొట్టంలోంచి నీళ్ళు వెనక్కి పాకి పంపులోకి చేరే ప్రమాదం ఉంది.

ఇవేవీ చేయకుండా వైరును అలాగే వదిలేసినా తప్పు లేదు. తాడు విప్పేసి, మూలకు జరిపి, ముందు ఒక పొడుగాటి ఫెర్న్ నాటితే ముప్పావు వంతు కనబడదు. నల్ల వైరుకు ఆకుపచ్చ రంగు వేద్దామని మాత్రం అనుకోకండి. రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడి మడుగులో పడుతుంది, కొన్ని రంగుల్లోని ద్రావకాలు వైరు తొడుగునే మెత్తబరుస్తాయి. వెనక గాజుకు బయటివైపు నల్ల కాగితం అంటిస్తే నల్ల వైరు దానంతటదే కలిసిపోతుంది, ముసుగు కూడా అక్కర్లేకపోవచ్చు. చేతకాక కాదు, చూడ్డానికి హాయిగా ఉంటుందనే నేనైతే ముందు ఇదే చేసి చూస్తాను.

బయటి వైరు సంగతి పాపను దృష్టిలో పెట్టుకుని చూడండి. అంచునుంచి బల్ల వెనక కాలు వెంట కిందికి దించి, రెండు మూడు చోట్ల క్లిప్పులు కొట్టేస్తే లాగడానికి వేలాడే వైరే ఉండదు. కింద ఆ వంపు కూడా బల్ల వెనకే ఉండేలా చూసుకోండి. బల్లను గోడకు ఆనించే ముందే ప్లగ్గు తేలిగ్గా చేతికి అందుతోందా అని ఒకసారి తీసి పెట్టి చూడండి.

సిలికాన్ కొనేటప్పుడు బూజు పట్టనీయని మందు కలిపినది కాకుండా, చేపల తొట్లకు పనికొస్తుందని రాసి ఉన్నది తీసుకోండి. అతికించాక ఆ పుల్లటి వెనిగర్ వాసన పూర్తిగా పోయేదాకా ముసుగును తొట్టిలో పెట్టొద్దు, ఒక రోజు పట్టినా రెండు రోజులు పట్టినా సరే. టిష్యూ పరీక్ష పొడిగా తేలితే మరిది గారిని పిలవండి. గాజు తొలిచే బిట్ ఇంట్లోనే వదిలేసి, పైపు చీల్చడానికి ఒక రంపం తెమ్మనండి.